జవాబుకి మూడు సెకన్లు

గోడ మీది గడియారాన్ని దించి, తువ్వాల్లో చుట్టి, పక్క గదిలో పెట్టారు. ఫ్రిజ్ ప్లగ్గు పీకేశారు. కిటికీకి రెండు, గోడలకి నాలుగు బొంతలు వేలాడదీశారు. రాస్‌నగీ ఊరి హాలు వెనకగది, ఎప్పుడూ టీ కెటిళ్ళ మోతతో ఉండేది, చెవిలో దూది పెట్టుకున్నట్టు అయిపోయింది.

బార్బ్రె తన స్వెటర్ చేతులు మణికట్టు దాకా లాక్కుని కూర్చుంది. రెయిన్‌కోటు వద్దు, గరగరమంటుందన్నారు. కడుపునిండా తిని రమ్మన్నారు, ఖాళీ కడుపు చేసే చప్పుడు మైకులో పడుతుందట. రెండు గుడ్లు, మూడు రొట్టె ముక్కలు తిని వచ్చింది. యాభై ఏడేళ్ళలో ఇంత శ్రద్ధగా ఆమె కడుపు గురించి ఎవరూ అడగలేదు.

"అరవై మాటలు, అంతే," అన్నాడు లోర్కాన్. డబ్లిన్ నుంచి వచ్చాడు. ఫోన్లో ఐరిష్ నేర్పే పాఠాలు తయారుచేసే కంపెనీ అతనిది. బళ్ళో నేర్చుకున్న భాష, ఇస్త్రీ చేసిన చొక్కాలా ఎక్కడా ముడత లేకుండా మాట్లాడతాడు. "కలిసినప్పుడు అనేవి, విడిపోయేటప్పుడు అనేవి, మధ్యలో మర్యాదకి అనేవి. ఒక ఆడగొంతు, ఒక మగగొంతు. మీ ఊరివాళ్ళే."

"మగగొంతు ఎవరిది?"

అతను చెప్పేలోపే తలుపు తోసుకుని ఫెహీన్ లోపలికి వచ్చాడు. ఆదివారం పూజకి వేసుకునే కోటు, కొత్త టోపీ. టోపీ తీసి, "జీయ ఘిచ్," అన్నాడు లోర్కాన్‌తో. దేవుడు నీకు తోడు. లోర్కాన్ వెంటనే, దేవుడూ మరియమ్మా నీకు తోడని అన్నాడు. ఒక దీవెన పెడితే దానికి ఇంకొకటి కలిపి తిరిగివ్వడం అక్కడి పద్ధతి. బార్బ్రె బొంత మీది కుట్టు చూస్తూ ఉండిపోయింది. కుట్టు వంకరగా ఉంది.

"మీ ఇద్దరికీ పరిచయమే కదా?"

"గోడ అవతల ఇల్లు," అంది బార్బ్రె.

"ఈవిడది గోడ ఇవతల," అన్నాడు ఫెహీన్. ఆమె కేసి కాదు, లోర్కాన్ కేసి చూసి.

లోర్కాన్ నవ్వాడు. అది హాస్యమనుకున్నాడు. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మధ్యలో మైకు పెట్టి, ఎలా చెయ్యాలో వివరించాడు. ఫెహీన్ ఒక మాట అనాలి. తర్వాత మూడు సెకన్లు ఆగాలి. నేర్చుకునేవాడు ఆ ఖాళీలో జవాబు చెప్పి చూసుకుంటాడు. అప్పుడు బార్బ్రె అసలు జవాబు చెప్పాలి. సెకన్లు తను వేళ్ళతో చూపిస్తాడు.

"మూడు సెకన్లు మరీ ఎక్కువని కొంతమంది కంగారు పడతారు. పలకరించి ఊరుకోవడం కష్టంగా ఉంటుంది," అన్నాడు.

"నాకు అలవాటేలే నాయనా," అన్నాడు ఫెహీన్. "జవాబు రాని పలకరింపులు మూడు చేశాను. పదకొండేళ్ళ నుంచి ఆగే ఉన్నాను."

బార్బ్రె లెక్క చూసుకుంది. అవును, మూడే. ఒకటి దుకాణంలో, ఒకటి చర్చి వాకిట్లో, ఒకటి తన గేటు ముందు. మూడింటికీ తను తల తిప్పుకుంది. ఆ ఊళ్ళో ఒకరి మీద కోపం ఉందని చెప్పడానికి అంతకన్నా పెద్ద మాట లేదు. నాలుగోది అతను చెయ్యలేదు.

ఎర్రలైటు వెలిగింది.

"దేవుడు నీకు తోడు," అన్నాడు ఫెహీన్, మైకు మీదుగా ఆమెతో.

లోర్కాన్ వేళ్ళు ఒకటి, రెండు, మూడు లేచాయి.

"దేవుడూ మరియమ్మా నీకు తోడు," అంది బార్బ్రె. గొంతు బొంగురుపోతుందేమో అనుకుంది గానీ పోలేదు. కడిగిన గ్లాసులా వచ్చింది.

"చాలా బాగుంది!" అన్నాడు లోర్కాన్. "రోజూ అనుకునేవాళ్ళలా అన్నారు."

ఆ మధ్యాహ్నం ఇరవై నాలుగు మాటలు అయ్యాయి. వాన రేకుల కప్పు మీద పడ్డప్పుడల్లా ఆగారు. ఎవరిదో గాడిద ఓండ్రపెడితే ఒకసారి ఆగారు. లక్ష స్వాగతాలు అన్న మాట వచ్చినప్పుడు ఫెహీన్ కళ్ళజోడు సవరించుకుని, "ఇది ఎవరంటారయ్యా?" అన్నాడు.

"అందరూ అంటారుగా."

"గాల్వే పట్నంలో టూరిస్టులకి తువ్వాళ్ళ మీద రాసి అమ్ముతారు. ఇంటికొచ్చినవాడితో నోటితో ఎవరంటారు? రా, కూచో, కాళ్ళు తడిశాయా, అంటాం."

బార్బ్రెకి నవ్వొచ్చింది. నీళ్ళ గ్లాసు ఎత్తి నవ్వుని నీళ్ళతో మింగింది.

చివరి మాట, ఇంటికి వెళ్ళేవాళ్ళతో అనేది. క్షేమంగా ఇల్లు చేరు అని ఆమె అంది, నువ్వూ క్షేమంగా ఉండు అని అతను అన్నాడు. ఎర్రలైటు ఆరింది. ఇద్దరూ కోట్లు తగిలించుకుని ఒకే తలుపులోంచి బయటపడి, ఒకే రోడ్డు మీద, ఇరవై గజాల దూరంలో, ముక్కాలు మైలు నడిచారు. గాలి సముద్రం మీంచి వస్తోంది. ఫెహీన్ గేటు చప్పుడు విన్నాక గానీ బార్బ్రె తన గేటు తియ్యలేదు.

*

"ఫెహీనా?" అన్నాడు ఇంట్లో బార్బ్రె భర్త టామీన్. సముద్రపు నాచు కట్టే తాళ్ళు ఒళ్ళో పోసుకుని ముళ్ళు విప్పుతున్నాడు. కుడిచేతికి చూపుడువేలూ మధ్యవేలూ లేవు. బొటనవేలితో నొక్కిపట్టి, ఉంగరపు వేలితో లాగుతాడు. "మరి మాట్లాడావా?"

"కాగితం మీదున్నవి మాట్లాడాను."

"కాగితమే నయం," అని ఇంకో తాడు తీసుకున్నాడు.

బార్బ్రె బంగాళాదుంపల తొక్క తీస్తోంది. ఆ చేతిని చూసినప్పుడల్లా ఆమెకి పదకొండేళ్ళ కిందటి వసంతం గుర్తొస్తుంది. టామీన్ కొత్త పడవకి రోడ్డు పక్కనే తారు పూస్తున్నాడు. ఆ వారం ఊరంతా అటునుంచే వెళ్ళింది. ప్రతివాళ్ళూ గోడ దగ్గర ఆగి, పనికి దేవుడి దీవెన అని అన్నారు. పని చేసేవాళ్ళని చూసి ఆ మాట అనకుండా పోవడం ఎక్కడా లేదు, అనకపోతే ఆ పనికి కీడంటారు. ముక్కు చీదుకుంటూ బడికెళ్ళే పిల్లలు కూడా అంటారు. ఫెహీన్ ఒక్కడే గోడ దగ్గర నిలబడి, పడవని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, పెదవి విప్పకుండా వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండా ఆ పడవ మీదే, నాచు లాగే గిలకలో టామీన్ వేళ్ళు పడ్డాయి.

"వాడు ఆ మాట అంటే నా వేళ్ళు ఉండేవా?" అంటాడు టామీన్. "తాడు చూసుకోలేదు, పోయాయి."

అతను అలా అనడం ఆమెకి ఇష్టం లేదు.

*

మంగళవారం విడిపోయేటప్పటి మాటలన్నీ అయ్యాయి. ఫెహీన్‌కి బాగా పట్టుబడింది. ఒక్కొక్క మాటా అనే ముందు ఎదుటి మనిషిని చూసి తల కొంచెం వంచుతాడు. మైకుకి అది కనిపించదని లోర్కాన్ చెప్పినా మానలేదు. బార్బ్రె గమనించింది, తల వంచకుండా అన్నప్పుడు అతని గొంతు పొడిగా ఉంటుంది, వంచితే అందులోకి ఏదో వస్తుంది. దీన్ని ఆమె ఒప్పుకోక తప్పలేదు. పని బాగా చేసేవాణ్ణి బాగా చేస్తున్నాడనే అనుకోవాలి, పగ ఉన్నా సరే.

నలభై మూడో మాట దగ్గర లోర్కాన్ బొమ్మ చూపించాడు. ఒకావిడ పొలంలో బంగాళాదుంపలు తవ్వుతోంది. గోడ అవతల ఒకాయన ఆగాడు.

"ఫెహీన్ దారిన పోయేవారు. బార్బ్రె పనిలో ఉన్నారు. పనికి దేవుడి దీవెన, అని మీరనాలి."

ఫెహీన్ కాగితం చూశాడు. దాన్ని బల్ల మీద పెట్టాడు. "ఇది నేననను," అన్నాడు.

"పర్లేదు, కొంచెం ఊపిరి తీసుకుని—"

"ఊపిరి సంగతి కాదు. అనను."

బార్బ్రె కాగితం మీంచి తలెత్తింది. అదుగో. పదకొండేళ్ళుగా తను చెబుతున్నది అదే. డబ్లిన్ నుంచి మనిషి వచ్చి, బొంతలు కట్టి, మైకు పెట్టి అడిగినా అనడు. ఎదురుగా తనున్నా అనడు.

"అరవైలో ఒకటే కదా నాయనా, వదిలెయ్," అన్నాడు ఫెహీన్.

లోర్కాన్ నుదురు రుద్దుకున్నాడు. అది తన చేతిలో లేదన్నాడు. పాఠం మొత్తం ఒకటే మగగొంతులో ఉండాలి. ఒకటి తగ్గినా మిగతావి పనికిరావు, ఇంకొకరితో మొదటి నుంచీ చేయించాలి. గురువారంతో గది ఖాళీ చెయ్యాలి, శుక్రవారం ఇక్కడ చీట్లాట.

"అయితే ఇంకొకర్ని చూసుకో," అని ఫెహీన్ లేచాడు. కోటు గుండీ ఒకటి పెట్టుకున్నాడు, రెండోది దొరకలేదు, వదిలేశాడు. టోపీ చేత్తోనే పట్టుకుని వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర ఏమీ అనలేదు. రెండు రోజులు వీడ్కోలు మాటలు అన్నీ చెప్పినవాడు ఒక్కటీ చెప్పకుండా పోయాడు.

"ఆయనకి కోపం వచ్చిందా?" అన్నాడు లోర్కాన్ భయంగా.

"ఆ మాటొక్కటే అనడు. నాకు తెలుసు," అంది బార్బ్రె.

"మీ ఆయన గొంతెలా ఉంటుంది?"

బల్ల మీద ఫెహీన్ కళ్ళజోడు, దాని కింద కాగితాలు. టామీన్‌ని అడుగుతానని చెప్పి, బార్బ్రె ఆ రెండూ సంచిలో వేసుకుని బయల్దేరింది. పగవాడైనా కళ్ళజోడు లేకుండా వదిలెయ్యడం ఆమె పద్ధతి కాదు. అతని గేటు స్తంభం మీద పెట్టి వెళ్తే సరిపోతుంది.

దారిలో రొట్టె కోసం దుకాణంలో ఆగింది. కొట్టు నడిపే నాన్సీ గల్లాపెట్టె పైన అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి అతికించింది: మన ఫెహీన్ త్వరలో మీ ఫోన్లో.

"టోపీ ఇక్కడే కొన్నాడు," అంది నాన్సీ. "మాట మైకులో పడుద్ది గానీ టోపీ పడదు కదా తాతా అన్నాను. అయినా ఒక టోపీ ఉండాలి పిల్లా, అన్నాడు. ఆ ఇంట్లో మాట్లాడ్డానికి కుక్క కూడా లేదు. వారం నుంచీ ఎవరు కనబడితే వాళ్ళకి చెబుతున్నాడు, ఫాదర్‌కి రెండుసార్లు చెప్పాడట. ఎలా చేస్తున్నాడు?"

"బాగానే," అంది బార్బ్రె. రొట్టె తీసుకుని బయటపడింది.

ఫెహీన్ గేటు దగ్గర సంచి తెరిచి కళ్ళజోడు తీస్తుంటే పైకాగితం బయటికొచ్చింది. ప్రతి మాట పక్కనా పెన్సిల్‌తో టిక్కు పెట్టుకున్నాడు, పిల్లలు హోమ్‌వర్క్ చేసినట్టు. నలభై మూడు దగ్గర టిక్కు లేదు. ఒక చిన్న సిలువ గీసి, దాని పక్కన ఒక పేరు రాసుకున్నాడు. స్టీఫాన్.

ఆమె కాగితాన్ని గాలికి ఎగరకుండా రెండు చేతులతో పట్టుకుని మళ్ళీ చదివింది. కళ్ళజోడు స్తంభం మీద పెట్టలేదు. సంచిలోనే వేసుకుంది.

*

"స్టీఫాన్ వాళ్ళ తమ్ముడేగా," అన్నాడు టామీన్. "మునిగిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఇద్దరూ కలిసే పోయేవాళ్ళు చేపలకి. ఆ రోజు ఫెహీన్‌కి జ్వరమో ఏదో, వెళ్ళలేదు."

"ఆ పేరు ఈ మాట పక్కన ఎందుకు రాసుకున్నాడు?"

టామీన్ కాగితాన్ని దీపం వైపు తిప్పి చూశాడు, భుజాలెగరేశాడు. "వాణ్ణే అడగాలి."

"నేనడగాలా?"

"నేనడుగుతాలే. రేపు కనబడితే."

"నీతో మాట్లాడతాడా ఏంటి?"

టామీన్ తాడు కేసి చూస్తూ, "కార్లో ఎదురైతే చెయ్యెత్తుతాను," అన్నాడు. ఆ దారుల్లో కారు నడిపేవాళ్ళు ఎదురొచ్చిన వాళ్ళకి స్టీరింగు మీంచి చూపుడువేలు ఎత్తుతారు. టామీన్‌కి ఆ వేలు లేదు కనక చెయ్యంతా ఎత్తాలి.

"ఎప్పట్నుంచి?"

"ఎప్పట్నుంచో. నువ్వు కార్లో లేనప్పుడు."

బార్బ్రె పొయ్యి దగ్గరికెళ్ళి మూత తీసి, ఉడకాల్సింది ఏమీ లేకపోయినా గరిటె తిప్పింది. ఆమెకి కోపం రావలసింది, రాలేదు. ఆమె వేరే సంగతి ఆలోచిస్తోంది. రోడ్డుకి తారు వేసినప్పుడు ఫెహీన్ నెలరోజులు ఒడ్డు మీద బండల వెంట తిరిగి దుకాణానికి వెళ్ళాడు. చర్చి గోడలకి సున్నం వేస్తుంటే పూజకి ఆలస్యంగా వచ్చి, పనివాళ్ళు టీకి దిగాక లోపలికెళ్ళాడు. పొయ్యిలోకి పీటు మట్టి కోసే కాలంలో ఎవరి పొలం దరిదాపుల్లోకీ రాడు. సాయం అడుగుతారని తప్పించుకుంటాడని ఊరంతా అంటారు. ఒళ్ళొంగనివాడని తనూ ఎన్నిసార్లో అంది. పని చేసే మనిషి ఎక్కడుంటే అక్కడికి రాకుండా, ఇరవై ఏళ్ళుగా చుట్టూ తిరుగుతున్నాడు. ఇదంతా తన కళ్ళ ముందే జరిగింది. బొంత మీద వంకర కుట్టు కనబడ్డ కళ్ళకి ఇది కనబడలేదు.

*

బుధవారం పొద్దున ఫెహీన్ ఇంటి వెనక మడిలో ఉన్నాడు. ఒడ్డు నుంచి బుట్టలో నాచు మోసుకొచ్చి, మడి మీద పొరగా పరుస్తున్నాడు. పాత స్వెటరు, పాత టోపీ. పరిచాక పారతో పక్క గడ్డిమట్టిని పెచ్చుగా కోసి, దాని మీదికి తిరగేస్తున్నాడు. పార మొన బూటుతో నొక్కడం, కొయ్యడం, తిప్పడం. డెబ్భై నాలుగేళ్ళవాడిలా లేదు.

బార్బ్రె చేతిలో కళ్ళజోడుతో మడి చివర నిలబడింది. పని చేసే మనిషి ముందుకి ఊరికే వెళ్ళకూడదు. చిన్నప్పటి నుంచీ కాళ్ళు అక్కడ వాటంతటవే ఆగుతాయి, నోరు దానంతటదే విచ్చుకుంటుంది. పదకొండేళ్ళుగా ఈ ఒక్క పొలం దగ్గర తను కూడా ఆ మాట అనలేదు. అది ఇప్పుడు తట్టింది.

"పనికి దేవుడి దీవెన," అంది.

పార ఆగింది. ఫెహీన్ నడుం ఎత్తాడు. ముందు ఆమెని చూశాడు, తర్వాత రోడ్డు వైపు చూశాడు, ఇంకెవరైనా అన్నారేమోనని.

"నీకూ అదే కలగాలి," అన్నాడు. "మైకు లేదిక్కడ."

"లేదులే. కళ్ళజోడు మర్చిపోయావు."

"నిన్న రాత్రి వార్తలు చెవులతోనే చూశాను."

కళ్ళజోడు తీసుకుని, నాచు అంటిన చేతులతో పెట్టుకోలేక జేబులో వేసుకున్నాడు. ఆమె కదల్లేదు. చుట్టూ తిప్పి అడగడం చేతకాక తిన్నగా అడిగేసింది. "కాగితం మీద స్టీఫాన్ పేరు ఉంది."

ఫెహీన్ పారకి అంటిన మట్టిని బూటు మడమతో మొత్తం గీకేశాడు.

"ఆ పొద్దున వాడు రేవులో వలలు సర్దుకుంటున్నాడు. నాకు ఒళ్ళు కాలిపోతోంది. అయినా రేవు దాకా దిగాను. రోజూ అన్నట్టే అన్నాను, పనికి దేవుడి దీవెన అని. వాడూ రోజూ అన్నట్టే అన్నాడు. మధ్యాహ్నానికి పడవ ఒక్కటే వచ్చింది, బోర్లా." మట్టి లేని పారని ఇంకోసారి గీకాడు. "మాటదేం తప్పు లేదన్నాడు ఫాదర్. నాకూ తెలుసు. మరుసటి వారం పక్కూళ్ళో గడ్డివాము వేస్తుంటే అనబోయాను. వాము మీద మనిషి నిలబడి ఉన్నాడు, పైన. నాలుక ఆడలేదు. అప్పట్నుంచి ఎవరికీ అనలేదు."

"మరి టామీన్ కొత్త పడవ దగ్గరికి ఎందుకొచ్చావు?"

"చూడాలనిపించింది."

"చూసి ఒక్క మాట అనకుండా పోయావు."

"మంచి పడవ," అన్నాడు ఫెహీన్. "అందుకే అనలేదు."

కిందనించి అలల చప్పుడు, మడి మీద నాచులో చిన్న పురుగులు చిటపటమంటున్న చప్పుడు. బార్బ్రెకి అతని మొహం చూడాలనిపించలేదు. బుట్టలో మిగిలిన నాచు చూసింది. తర్వాత అడగాల్సినది ఇంకోటి ఉంది, అదీ అడిగింది.

"మూడోసారి మా గేటు దగ్గరికి వచ్చినప్పుడు చేతిలో ఏదో ఉంది."

"పీతలు. రెండు. వేళ్ళెలా ఉన్నాయో అడుగుదామని వచ్చాను."

"అవి ఏం చేశావు?"

"ఏం చేస్తానమ్మాయ్, ఇంటికెళ్ళి వండుకు తిన్నాను. నీ కోపానికి పీతల్ని పారేస్తానా?"

బార్బ్రె స్వెటరు చేతులు పైకి లాక్కుంది. వంగి బుట్టలోంచి రెండు చేతులనిండా నాచు తీసి మడి మీద పరిచింది. చేతికి చల్లగా, జారుడుగా తగిలింది. ఇంకో రెండు గుప్పిళ్ళు పరిచింది.

"మరీ మందంగా వేస్తున్నావు," అన్నాడు ఫెహీన్.

"మందంగానే వెయ్యాలి. మా నాన్న ఇంతకన్నా మందంగా వేసేవాడు."

"అందుకే మీ నాన్న దుంపలు నీళ్ళోడేవి."

బుట్ట ఖాళీ అయ్యాక స్వెటరుకి చెయ్యి తుడుచుకుని, "రేపు రా," అంది. "ఆ మాట నేనంటాను. నువ్వు జవాబు చెప్పు. జవాబు చెప్పడానికి నీకేం అడ్డు లేదుగా? ఇప్పుడే చెప్పావు."

"ఆ కుర్రాడు ఒప్పుకోడు. బొమ్మలో ఆడమనిషి తవ్వుతోంది."

"బొమ్మ సంగతి నేను చూసుకుంటాను. ఆ టోపీ కాదు, కొత్తది పెట్టుకురా."

*

లోర్కాన్ ఒప్పుకోలేదు. పాఠం రాసినవాళ్ళు వేరు, దాన్ని ఖాయం చేసినవాళ్ళు వేరు, బొమ్మలు వేసినవాళ్ళు వేరన్నాడు. టామీన్‌ని తీసుకొస్తారనుకున్నానన్నాడు. ఫెహీన్ గుమ్మం బయట, వసారాలో నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని.

"మగగొంతు మొదటి నుంచి చివరి దాకా ఒకటే ఉండాలన్నావు," అంది బార్బ్రె.

"అవును."

"ఆడగొంతు కూడానా?"

"అంతే కదా."

"నాది నలభై రెండు దాకా అయింది." స్వెటరు చేతులు సవరించుకుని కూర్చుంది. "ఆయన లేకపోతే నలభై మూడు నేననను. ఊళ్ళో ఇంకో ఆడగొంతు కావాలంటే నాన్సీని అడుగు. ప్రతి మాటకీ ముందు దగ్గుతుంది."

లోర్కాన్ ఆమె మొహంలోకి చూశాడు. హాస్యం కాదని ఈసారి అర్థమైంది. బొమ్మ తీసి అటూ ఇటూ తిప్పాడు. "గోడ అవతల ఉన్నది మగాడు..."

"మార్పించు. ఆడది చేతులూపుకుంటూ రోడ్డు మీద పోతుంది, మగాడు పొలంలో తవ్వుతాడు. నేర్చుకునేవాళ్ళు వింతగా చూస్తారు, బాగా గుర్తుంటుంది."

వసారాలోంచి ఫెహీన్ దగ్గాడు. అది నవ్వో దగ్గో తెలియలేదు.

లోర్కాన్ బయటికెళ్ళి ఫోన్లో మాట్లాడాడు. పావుగంట పట్టింది. వచ్చి, "తోటపని చేసే మగమనిషి బొమ్మ ఒకటుందట," అన్నాడు. "సూటు వేసుకుని ఉన్నాడు. అయినా పర్లేదన్నారు."

ఎర్రలైటు వెలిగింది. ఈసారి దారిన పోయేది బార్బ్రె. "పనికి దేవుడి దీవెన," అంది.

"నీకూ అదే కలగాలి," అన్నాడు ఫెహీన్ ఆ క్షణమే.

"ఆగాలండీ. మూడు సెకన్లు."

మళ్ళీ అంది. మళ్ళీ వెంటనే అనేశాడు. మూడోసారి లోర్కాన్ వేళ్ళు రెండు దాకా లేచాయి, అంతలో ఫెహీన్ ఉండబట్టలేక అనేశాడు.

"మిగతా వాటికి బాగానే ఆగారు కదా!"

"మిగతావి వేరు. పనికి దీవెన పెట్టిన మనిషిని గోడ దగ్గర అలా నిలబెడతారా? సిగ్గుండొద్దూ?" అన్నాడు ఫెహీన్.

నాలుగోసారి లోర్కాన్ వేళ్ళు మడిచేశాడు. ఖాళీ తను తర్వాత అతికించుకుంటానన్నాడు. మిగతా పదిహేడు మాటలూ సాయంత్రం నాలుగింటికి అయిపోయాయి. ముగ్గురూ కలిసి బొంతలు దింపారు. బార్బ్రె రెండు చివరలు పట్టుకుంటే ఫెహీన్ రెండు చివరలు పట్టుకుని, నడిచి కలిసి, మడతలు పెట్టారు. గడియారాన్ని తువ్వాల్లోంచి తీసి మేకుకి తగిలించింది ఆమే. అది మూడు రోజులూ ఆగకుండా తిరుగుతూనే ఉంది.

*

శనివారం పొద్దున వాన లేదు. టామీన్ పడవని రోడ్డు పక్కన బోర్లించి, రాతి దిమ్మల మీద ఎక్కించాడు. తారు వేడి చేసి, కుంచె ఒకటి తను తీసుకుని ఒకటి బార్బ్రెకి ఇచ్చాడు. తారు పల్చగా ఉంటే కారుతుంది, చిక్కగా ఉంటే చిట్లుతుంది. ఆమె అతుకుల దగ్గర నిలిచి నిలిచి పూస్తోంది, అతను పొడుగ్గా లాగేస్తున్నాడు. దారిన ఇద్దరు ముగ్గురు వెళ్ళారు, దీవెన పెట్టారు, జవాబు తీసుకున్నారు.

ఫెహీన్ గేటు చప్పుడైంది. బార్బ్రె తల ఎత్తలేదు. ఒడ్డు వైపు మళ్ళితే బండల మీద అడుగులు వినబడతాయి. అవి వినబడలేదు. రోడ్డు మీది కంకర చప్పుడు దగ్గరికి వచ్చింది.

గోడ దగ్గర ఆగాడు. చేతిలో దుకాణానికి తీసుకెళ్ళే సంచి. కొత్త టోపీ. పడవని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. పెదవులు విచ్చుకున్నాయి. పెదవులు మళ్ళీ మూసుకున్నాయి. టోపీ అంచు మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడ్డాడు.

టామీన్ కుంచె ఆపి భార్య వైపు చూశాడు.

బార్బ్రె కుంచెని డబ్బా అంచుకి ఒత్తి, కారే తారు కారనిచ్చింది. ఆమె లెక్క పెట్టలేదు.

"నీకూ అదే కలగాలి, ఫెహీన్," అంది.

"నీకూ అదే కలగాలి," అన్నాడు టామీన్, మూడువేళ్ళ చెయ్యి పైకెత్తి.

ఫెహీన్ టోపీ మీంచి చెయ్యి దించాడు. తర్వాత తల వంచాడు, మైకు ముందు వంచినట్టే. "ముక్కు దగ్గర వదిలేశావు," అన్నాడు ఆమెతో, పడవ కొస చూపించి. "క్షేమంగా ఉండండి."

"క్షేమంగా వెళ్ళిరా," అంది బార్బ్రె. అతను మలుపు తిరిగాక పడవ ముక్కు దగ్గరికి వెళ్ళి చూసింది. నిజమే, అరచేతంత మేర వదిలేసింది. కుంచె ముంచింది.